బొగ్గు బస్సులో వెనక సీటు

పోయిన నెలలో గుణదలలోని మా ఇంటికి గొట్టం గ్యాసు బిగించడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. మా కోడలు వంటింట్లో ఎక్కడ ఏది పెట్టాలో చూపిస్తుంటే నేను గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పని అయ్యాక వాళ్లలో పెద్దాయన, ఓపిక గల మనిషి, లీకైతే ఏ పిడి తిప్పి కట్టెయ్యాలో, కిటికీలు ఎలా తెరవాలో కోడలికి వివరంగా చెప్పి, ఆ తరువాత నా వైపు తిరిగి, "ఈ గ్యాసుకి అసలు వాసనే ఉండదండీ మామ్మగారూ. మనిషికి తెలియాలని ఆ చెడ్డ వాసన మేమే కలుపుతాం," అన్నాడు. పెద్దదానికి ఒక వింత చెప్పానన్నట్టు నవ్వుతూ చెప్పాడు పాపం. నాకు మాత్రం అరికాళ్లు చల్లబడ్డాయి. వాసన లేనిది ఎలా వస్తుందో, వచ్చి ఏం చేస్తుందో నాకు తొమ్మిదో ఏట తెలిసింది. కోడలు కంగారుపడి మంచినీళ్లు తెచ్చి, ఎండకు కాబోలు అంది. నేనూ అవుననే అన్నాను.

నా ఈడువాళ్లకు బొగ్గు బస్సులంటే ఏమిటో చెప్పక్కర్లేదు, కాని ఆ ఈడువాళ్లం ఇంకా ఎంతమందిమి మిగిలామో తెలియదు కనుక చెబుతాను. యుద్ధం రోజుల్లో పెట్రోలు మిలిటరీకి పోయింది. మామూలు జనానికి దొరికేది దీపానికి చమురంత. కిరసనాయిలు కూడా అంతే, కూపన్లు పట్టుకుని నిలబడితే ఒక సీసా దొరికేది, అదీ ఒక్కో నెల ఉండేది కాదు. మా ఇంట్లో చిమ్నీ లాంతరు చిలక్కొయ్యకు ఊరికే వేలాడేది. ఆముదం ప్రమిద దగ్గర కూర్చుని తినేవాళ్లం. ఆ రోజుల్లోనే బస్సుల వెనక నిలువెత్తు ఇనప పొయ్యి ఒకటి తగిలించి, దాన్లో బొగ్గులు మండించి, ఆ వచ్చే గ్యాసుతో ఇంజను నడిపేవాళ్లు. పొయ్యి పక్కన నిప్పుకు గాలి ఊదే ఒక చిన్న గాలిమర, దానికొక చేతిపిడి. పొద్దున్నే గంటసేపు ఆ పిడి తిప్పితే గాని బస్సు కదిలేది కాదు. ఎత్తు వస్తే జనం దిగి తొయ్యవలసిందే. మగవాళ్లు తోస్తుంటే ఆడవాళ్లు సామాను పట్టుకుని వెనక నడిచేవాళ్లు. దానికి టిక్కెట్టు కూడా కొనుక్కున్నాం కదా అని నవ్వుకునేవాళ్లం.

మా ఊరు మైలవరానికి కోసున్నర దూరంలో కొండల కింద ఉండేది. కృష్ణా జిల్లా అనగానే కాలువలు, వరిచేలు అనుకుంటారు గాని మా వైపు కాలువ నీళ్లు రావు. జొన్న, కంది, వాన పడితే పంట, లేకపోతే పస్తు. అలాంటి ఊరికి ఈ బస్సుల పుణ్యమా అని బొగ్గు వ్యాపారం వచ్చిపడింది. కొండ మీద కలప కొట్టి, కుప్పగా పేర్చి, ఆకులూ మట్టీ కప్పి, లోపల నిప్పు పెట్టి రోజుల తరబడి కాపలా కాసేవాళ్లు. దాన్ని బొగ్గుబట్టీ అనేవాళ్లం. ఆడవాళ్లు చల్లారిన బొగ్గును నిమ్మకాయంత ముక్కలుగా కొట్టి, జల్లించి, గోనెల్లో నింపేవాళ్లు. పిల్లల కాళ్లు, పశువుల మూతులు, ఆరేసిన బట్టలు, అన్నీ నల్లగా ఉండేవి. కాని పొద్దున పొయ్యి వెలగని ఇల్లు ఊళ్లో ఆ ఏళ్లలో లేదు.

భయం కూడా అప్పుడే వచ్చింది. బట్టీ పైన మట్టి గట్టిగా కనిపిస్తుంది, లోపల కలప కాలి గుల్లయి ఉంటుంది. ఎక్కామా, నిప్పుల్లోకే. మా పక్కింటి దున్నపోతు ఒకటి అలా పోయింది. దాని అరుపు విన్నవాళ్లం నెల రోజులు ఆ దారిన నడవలేదు. దానికి తోడు యుద్ధం కబుర్లు. సముద్రం ఒడ్డున బాంబులు పడ్డాయని, రేపో మాపో బెజవాడ రైలు స్టేషను మీద పడతాయని, పట్నంనుంచి జనం పరుపుచుట్టలతో మా మెట్ట ఊళ్లకు వచ్చేశారు. ఆకాశంలో గద్ద తిరిగినా మేం పిల్లలం చూరు కిందికి పరిగెత్తేవాళ్లం. ఇన్ని భయాల మధ్య మాకు భయం లేని చోటు ఒక్క మా బస్సే.

మా బస్సు అంటున్నాను గాని అది మైలవరంలోని ఒక షావుకారుది. నడిపేవాడు మా నాన్న, వెనక పొయ్యి చూసేవాడు మా పెదనాన్న. ఇద్దరూ మా నాయనమ్మ కొడుకులు. పెదనాన్న అంతకు ముందు బట్టీలు కాల్చినవాడు, బొగ్గు పట్టుకుని చిటికేస్తే అది ఎలా మండుతుందో చెప్పేవాడు. మా బట్టీ బొగ్గుకు పొగ రాదని పది ఊళ్లలో పేరు. పొద్దున్నే గాలిమర తిప్పి తిప్పి, గొట్టం మూతి దగ్గర అగ్గిపుల్ల గీసి చూసేవాడు. నీలంగా, చప్పుడు లేకుండా ఒక మంట లేచేది. అది లేస్తే గ్యాసు సిద్ధమైనట్టు. ఆ నీలిమంట కోసం నేను చీకటితోనే లేచి ఊరి చివర రాత్రికి నిలిపే బస్సు దగ్గరికి పోయేదాన్ని. అంత అందమైన మంటను నేను మళ్లీ చూడలేదు.

నాయనమ్మకు బస్సంటే గిట్టేది కాదు. పొయ్యి నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరగడమేమిట్రా, పొయ్యికి ఇంట్లో ఒక మూల ఉంది, దాన్ని అక్కడే ఉంచాలి అనేది. ఇద్దరు కొడుకులూ అదే పనిలో ఉన్నా ఆవిడ ఒక్కసారైనా ఎక్కలేదు. కాని ఆవిడకు కళ్లు మసకబారుతూ వచ్చాయి. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ తిన్న కళ్లు. బెజవాడలో కంటి డాక్టరు పొర తీస్తాడని, తీస్తే మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరుకోవచ్చునని నాన్న రెండు నెలలు చెప్పి చెప్పి ఒప్పించాడు. శ్రావణమాసంలో ఒక పొద్దున నాయనమ్మ, అమ్మ, నేను బయలుదేరాం. నన్ను తీసుకువెళ్లవలసిన అవసరం లేదు. నేనే ఏడ్చి బయలుదేరాను.

పొద్దున ముసురు పట్టి ఉంది. మైలవరంలో జనం బాగా ఎక్కారు. ఆ బస్సులకు కిటికీ అద్దాలు ఉండేవి కావు, రెండు పక్కలా తెరిచి ఉండి, వాన వస్తే పైన చుట్టిపెట్టిన గుడ్డ పరదాలు దించి తాళ్లతో కట్టేవాళ్లు. నేను అన్నిటికంటే వెనక సీటులో, పొయ్యికి ఆనుకున్న చెక్కల పక్కన కూర్చున్నాను. ఆ చెక్కలు పొయ్యి వేడికి గోరువెచ్చగా ఉండేవి, వీపు ఆనిస్తే చలికాలపు ఎండలో కూర్చున్నట్టుండేది. అమ్మ నా ముందు సీటులో కూర్చుంది. నాయనమ్మ మాత్రం వెనక్కి రానని ముందు వైపు, నాన్నకు దగ్గరగా కూర్చుంది. ఆవిడ భయమంతా పొయ్యి మీదనే. అమ్మ పక్కన ఒకావిడ గంప కింద నాలుగు కోళ్లు పెట్టుకుని, వాటికి నూకలు వేస్తూ, బెజవాడలో ఉన్న కూతురు పురిటి కబుర్లు చెబుతోంది.

జి.కొండూరు దాటాక వాన పెద్దదైంది. పరదాలన్నీ దించేశారు. లోపల చీకటిగా, ఉక్కగా, తడిబట్టల వాసనగా ఉంది. ఇంకొంత దూరం వెళ్లేసరికి బస్సు ఆగిపోయింది. ముందున్న వాగు చప్టా మీదుగా మోకాలి పైకి పారుతోంది. ఎర్రటి నీళ్లు, చెట్ల కొమ్మలు కొట్టుకుపోతున్నాయి. నీళ్లు తగ్గేదాకా కదిలేది లేదని నాన్న ఇంజను ఆపాడు. పొయ్యి ఆరిపోతే మళ్లీ అంటుకోవడానికి గంట పడుతుంది కనుక, వానకు గోనెపట్టా కప్పుకుని పెదనాన్న వెనక నిలబడి గాలిమర తిప్పుతూనే ఉన్నాడు. గాలి మా వెనకనుంచి, పొయ్యి మీదుగా బస్సులోకి కొడుతోందని ఎవరూ గమనించలేదు. గమనించినా దానికి అర్థం ఉంటుందని ఎవరికి తెలుసు?

మగవాళ్లు చాలామంది వాగు చూడటానికి దిగారు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. కాసేపటినుంచి తల బరువుగా ఉంది, నిద్ర వస్తోంది, కాని వాగు చూడాలన్న ఉబలాటం దానికంటే ఎక్కువ. దిగడానికి ముందుకు పోతుంటే నాయనమ్మ పరదా సందులోంచి కొట్టే జల్లుకు తడిసి వణుకుతూ కనిపించింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, "నాయనమ్మా, నా చోటు వెచ్చగా ఉంది, పో, కూర్చో," అన్నాను. ఆవిడ వద్దంది. నేను మళ్లీ లాగాను. చలికి ఓర్చుకోలేక చివరికి లేచింది. నేనే చెయ్యి పట్టుకుని నడిపించి, నా చోట్లో కూర్చోబెట్టి, పైట నిండుగా కప్పి, అమ్మ చూడకుండా దిగిపోయాను. ఆవిడ చెక్కలకు వీపు ఆనించి, హమ్మయ్య అన్నట్టు కళ్లు మూసుకుంది.

వాగు దగ్గర ఎంతసేపు ఉన్నానో తెలియదు. నాన్న ఒక కర్ర గుచ్చి నీళ్లు ఎంత తగ్గాయో చూస్తున్నాడు. తలకు తువ్వాలు కప్పి నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. ఆ చల్లగాలికి నా తల బరువు పోయింది. మరి కొంతసేపటికి నాకు ఆకలి వేసింది. అమ్మ దగ్గర అటుకుల మూట ఉంది. పరిగెత్తుకుంటూ వచ్చి బస్సు మెట్టెక్కి పరదా ఎత్తాను.

అందరూ నిద్రపోతున్నారు.

మొదట నాకు నవ్వు వచ్చింది. కోళ్లావిడ నోరు తెరుచుకుని పక్కకు వాలిపోయింది. ఎప్పుడూ ఆగని ఆవిడ కబుర్లు ఆగిపోయాయి. ఒక తాత ముందు సీటు మీద తల పెట్టుకున్నాడు. అమ్మ గడ్డం ఛాతీ మీద ఆనింది. పిలిచాను. పలకలేదు. భుజం పట్టి కుదిపితే, ఇటు కుదిపితే ఇటు, అటు కుదిపితే అటు వాలింది. అప్పుడు గంప ఎత్తి చూశాను. నాలుగు కోళ్లూ మెడలు వాల్చి, రెక్కలు పరుచుకుని పడి ఉన్నాయి. కోడి అలా పడుకోదు. పల్లెటూరి పిల్లను, ఆ మాత్రం నాకు తెలుసు. పొగ లేదు. కంపు లేదు. నెత్తురు లేదు. ఎవరూ ఏమీ చేయలేదు. బయట పెదనాన్న తిప్పే గాలిమర చప్పుడు మాత్రం ఒకే తీరున వినిపిస్తోంది. అంత భయం నాకు దున్నపోతు అరిచినప్పుడు లేదు, విమానాల కబుర్లకు లేదు. మెట్టు మీదనుంచి జారి బురదలో పడి, లేచి, నాన్న దగ్గరికి పోయి చొక్కా పట్టుకున్నాను.

"నాన్నా, అమ్మ లేవట్లేదు. ఎవరూ లేవట్లేదు."

నాన్న నా ముఖం చూశాడు. కర్ర పారేసి పరిగెత్తాడు. ముందుగా పరదాల తాళ్లు కత్తితో కోసేశాడు. ఆ తరువాత అందరూ కలిసి మనుషులను ఒక్కొక్కరిని మోసుకొచ్చి, ఆ కుంభవృష్టిలోనే రోడ్డు మీద పడుకోబెట్టారు. ఎవరో వాగులో దేవత పట్టిందన్నారు, ఎవరో విషం అన్నారు. ముఖాల మీద వాన పడుతుంటే కొందరు మూలిగారు, కొందరు వాంతి చేసుకున్నారు. అమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది గాని గుర్తుపట్టలేదు. తల బద్దలవుతోందని మాత్రం అంది. ఆ మాట వినగానే నేను ఆవిడ పొట్ట మీద పడి ఏడ్చాను. అందరూ కదులుతున్నారు, ఒక్కొక్కరు లేచి కూర్చుంటున్నారు.

నాయనమ్మను చివరికి తెచ్చారు. వెనక మూలలో ఉంది కనుక. పెదనాన్నే ఎత్తుకొచ్చాడు. ఆవిడ బుగ్గలు ఎర్రగా, పెళ్లికూతురి ముఖంలా కళగా ఉన్నాయి. అంత ఆరోగ్యంగా ఆవిడ నా ఎరుకలో ఎప్పుడూ లేదు. అందుకే పెదనాన్న నమ్మలేదు. అరికాళ్లు రుద్దాడు, చెవిలో పిలిచాడు, వాన తగలకుండా తన ఒళ్లు అడ్డం పెట్టాడు. నాన్న ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"వదిలెయ్యన్నయ్యా. అమ్మ లేదు."

ఆ రోజు ఇంటికి ఎలా వచ్చామో నాకు గుర్తు లేదు. ఎడ్లబండి ఎవరిదో వచ్చిందంటారు. నాకు గుర్తున్నది మరునాడు మా అరుగు మీద జరిగిన మాటలు. ఊరి పెద్దలు, బొగ్గు కాంట్రాక్టరు మనిషి, బస్సు షావుకారు తరఫున ఒకాయన వచ్చి కూర్చున్నారు. అందరూ మంచివాళ్లే, అందరూ నాయనమ్మకోసం కళ్లు తుడుచుకున్నవాళ్లే. కాని వాళ్లు చెప్పింది ఒకటే. గ్యాసువల్ల పోయిందని పైకి తెలిస్తే బస్సులు ఆపేస్తారు, బస్సులు ఆగితే బట్టీలు ఆగుతాయి, బట్టీలు ఆగితే ఊరు మళ్లీ పస్తు. పెద్దావిడ, వానకు తడిసింది, చలికి ప్రాణం పోయిందంటే సరిపోతుంది. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. చలికి పోయిందా? నేను వెచ్చగా ఉన్న చోట కూర్చోబెట్టాను కదా. నాన్న తల వంచుకుని విన్నాడు. అవుననలేదు, కాదనలేదు. వాళ్లు దాన్ని అవునుగానే తీసుకుని లేచి వెళ్లారు.

కోళ్లావిడ పదకొండో రోజున వచ్చింది. మా ఊరు కాదు, నాలుగు మైళ్లు నడిచి వచ్చింది. అమ్మ పక్కన కూర్చుని తలనొప్పి తగ్గిందా అని అడిగింది. వెళ్లబోతూ మాత్రం, "మా కోళ్లు ముందు పడ్డాయమ్మా. నేను చూశాను. వానకి ముడుచుకున్నాయిలే అనుకున్నాను," అంది. ఆ మాట చెప్పడానికే అంత దూరం వచ్చిందని నాకు ఆ వయసులోనే అర్థమైంది. నాకూ అలాంటి మాట ఒకటి ఉంది. అది చెప్పడానికి నాలుగు మైళ్లు నడవక్కర్లేదు, నాలుగు అడుగులు చాలు. అయినా చెప్పలేకపోయాను. చెబితే అమ్మ నన్ను ఎలా చూస్తుందో అని భయం. చెప్పకపోతే నాయనమ్మ వచ్చి అడుగుతుందేమో అని భయం. నిద్ర అంటే భయం. అమ్మ మధ్యాహ్నం కాసేపు నడుం వాలిస్తే పక్కన కూర్చుని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఒకసారి అమ్మ ఉలిక్కిపడి లేచి, ఏంటే అది అని కసిరి, నా ముఖం చూసి దగ్గరికి తీసుకుని, మరి అడగలేదు.

పెదనాన్న ఆ పొయ్యి దగ్గరికి మళ్లీ పోలేదు. బట్టీ దగ్గరికీ పోలేదు. అరక పట్టి జొన్నచేలో పని చేసుకున్నాడు, చలికాలంలో కూడా నెగడు దగ్గర కూర్చునేవాడు కాదు. నాన్నకు ఆ వీలు లేదు. రెండు కుటుంబాలకూ ఇప్పుడు ఆయనొక్కడే సంపాదన. పదిహేను రోజులకు ఖాకీ చొక్కా వేసుకుని మైలవరం వెళ్లాడు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం క్యారేజీ ఇచ్చి రమ్మని అమ్మ నన్ను మైలవరం వెళ్లే బండిలో పంపింది. బస్సు షెడ్డులో ఉంది. నాన్న బస్సు లోపల మోకాళ్ల మీద కూర్చుని వెనక సీటు బోల్టులు ఊడదీస్తున్నాడు. షావుకారు మనిషి కింద నిలబడి, అయిదుగురు కూర్చునే సీటు తీసేస్తే ఎలాగయ్యా, ఆయన ఒప్పుకోరు అని చెబుతున్నాడు. నాన్న తల ఎత్తలేదు. "సీటన్నా ఉంటుంది, నేనన్నా ఉంటానండీ. ఏది కావాలో ఆయన్నే చెప్పమనండి," అన్నాడు. మా నాన్న గట్టిగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. అప్పుడూ గొంతు మాత్రం పెరగలేదు. ఆ మనిషి వెళ్లిపోయాడు.

నేను క్యారేజీ పట్టుకుని ఆ సీటు చూస్తూ నిలబడ్డాను. నేను కూర్చున్న మూల, నాయనమ్మ వీపు ఆనించిన చెక్కలు. ఇక ఆపుకోలేకపోయాను.

"నాన్నా, అది నా చోటు. నాయనమ్మ వద్దంది. నేనే లాక్కొచ్చి కూర్చోబెట్టాను."

నాన్న చేతిలోని పానా కింద పెట్టాడు. ఏడుస్తున్న నన్ను దగ్గరికి రమ్మనలేదు, ఏడవద్దనలేదు. చేతుల గ్రీజు ఒక్కొక్క వేలుగా గుడ్డకు తుడుచుకుని అప్పుడన్నాడు:

"నువ్వు చెప్పబట్టి కాదే తల్లీ. పొద్దున ఎక్కేటప్పుడే నేను చెప్పాను మా అమ్మతో, వాన వస్తే వెనక్కి పో, వెచ్చగా ఉంటుందని. కొడుకు మాటని వెళ్లింది. నువ్వు చెయ్యి పట్టుకున్నావు, అంతే."

ఆ మాటతో నా గుండె మీది రాయి ఎవరో తీసి పక్కన పెట్టినట్టయింది. ఆ రోజు నేను అన్నం తిన్నాను, నిద్ర కూడా పోయాను. పెద్దదాన్నయ్యాక మాత్రం ఆ పొద్దున ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నాను. నాయనమ్మను బస్సు ఎక్కించింది అమ్మా నేనూ. నాన్న అప్పుడు ముందు వైపు ఇంజను తిప్పుతున్నాడు. ఆవిడ దగ్గరికి వచ్చి మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు. ఆయన పోయిన తరువాత ఎప్పుడో అమ్మను అడిగాను. మీ నాన్న అన్నానంటే అనే ఉంటాడు అంది, బియ్యం చెరుగుతూ, నా వైపు చూడకుండా. అంతకంటే నేనూ అడగలేదు.

నాన్న ఆ తరువాత యుద్ధం అయ్యేదాకా ఆ బస్సే నడిపాడు. వెనక సీటు ఉన్న చోట బొగ్గు గోనెలు పెట్టించాడు. ఎంత వాన వచ్చినా పరదాలు కట్టనివ్వలేదు. ప్రతి ఊళ్లోనూ ఆపి, వెనక్కి తిరిగి, అందరూ మేలుకునే ఉన్నారా అమ్మా అని అడిగేవాడు. ఒక్కొక్కరు పలికేదాకా కదిలించేవాడు కాదు. తడిసినవాళ్లు తిట్టుకునేవాళ్లు, తొందర ఉన్నవాళ్లు విసుక్కునేవాళ్లు, కుర్రకారు వెక్కిరించేవాళ్లు. మా బస్సుకు నిద్రపోనివ్వని బస్సు అని పేరు పడింది. ఒకసారి గొల్లపూడి దగ్గర ఒక ముసలాయన పలకలేదు. నాన్న ఒక్క ఉదుటున దిగి వెనక్కి వచ్చి ఆయన్ని పట్టి కుదిపాడు. ఆయన బెదిరిపోయి, ఏం కావాలి నాయనా అన్నాడు. చెవుడు, పాపం. బస్సంతా నవ్వింది, నాన్న కూడా నవ్వాడు. నేను ముందు సీటులో ఉన్నాను కనుక, స్టీరింగు దగ్గరికి వచ్చాక కూడా ఆయన మాటిమాటికీ ఆ ముసలాయన వైపు తిరిగి చూసుకోవడం చూశాను.

యుద్ధం అయిపోయింది, పెట్రోలు మళ్లీ వచ్చింది. పొయ్యిలు విప్పి పారేశారు. మా బస్సు పొయ్యిని మైలవరంలో ఒక కాఫీ హోటలువాళ్లు నీళ్లు కాచుకోవడానికి తీసుకుపోయారు. ఊరు సంతోషించిందా అంటే, లేదు. బట్టీలు చల్లారిపోయాయి. అడవి తగ్గిపోయింది, వానలు ఎప్పటిలాగే అంతంతమాత్రం. సగం ఊరు కోతలకు డెల్టా వైపు, మిగతా సగం కూలికి బెజవాడకు పోయింది. మా నాయనమ్మను తీసుకుపోయిన ఆ గ్యాసే మా అందరికీ నాలుగేళ్లు అన్నం పెట్టిందన్న మాట పెదనాన్న ఒక్కడే పైకి అనగలిగేవాడు, అదీ ఒకే ఒక్కసారి అన్నాడు.

ఈ మధ్య ఒక పెళ్లికి మైలవరం వెళ్లి బస్సులో తిరిగి వచ్చాను. అద్దాలు బిగించిన బస్సు, చల్లగా ఉంది, ఎక్కిన పావుగంటకు అందరూ నిద్రపోయారు. డ్రైవరు వెనక్కి తిరిగి చూడలేదు, చూడవలసిన పనీ లేదు. మనుషులు అంత నిశ్చింతగా నిద్రపోవడం చూస్తే సంతోషంగానే ఉంటుంది, ఇన్ని భయాలు పడ్డది ఎవరో ఒకరు ఇలా నిద్రపోవడానికే కదా అనిపిస్తుంది. కాని ఆ రోజుల్లో బస్సు దిగేలోపు పక్కనున్నవాళ్ల ఊరు, పేరు, కూతురి పురుడు అన్నీ తెలిసేవి. ఇప్పుడు నా భుజం మీద తల వాల్చి నిద్రపోతున్న అమ్మాయి ఎవరో నాకు తెలియదు. నేనొక్కదాన్నే మేలుకుని ఆ అమ్మాయి ఊపిరి వింటూ కూర్చున్నాను. వాగు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు దాటామో తెలియలేదు. దాని మీద ఇప్పుడు వంతెన ఉంది.